చెప్పులు వేసుకునే సమయం

ఆ ఏళ్ళలో నేను రోజూ నాలుగున్నరకే లేచేదాన్ని. అయినా ఆరూ నలభైకి మా వీధి చివర ఆగే కంపెనీ బస్సు వారానికి రెండుసార్లైనా తప్పిపోయేది. చేతిలో రెండు గంటలు పెట్టుకుని ఎలా ఆలస్యమవుతానో నాకే అర్థమయ్యేది కాదు. చీర ఇస్త్రీ చేస్తుంటే పాప గౌనుకు బొత్తాం ఊడి కనిపించేది. సూది కోసం డబ్బా తెరిస్తే అందులో ఏదో పాత ఉత్తరం దొరికేది. అది చదువుతుంటే పాలు పొంగిపోయేవి. పొయ్యి తుడుస్తుంటే బయట హారన్ మోగేది. తడి జుట్టుతోనే పరిగెత్తేదాన్ని. ఒక్కోసారి డ్రైవరన్న ఆపేవాడు. అప్పుడు లోపల కూర్చున్నవాళ్ళ ముఖాలు చూడలేక తల వంచుకుని వెనక సీటుకు పోయేదాన్ని.

తోరణగల్లు దగ్గర ఇనుప ఖనిజం పరీక్షించే ఒక చిన్న ల్యాబ్‌లో నా ఉద్యోగం. గనుల నుంచి వచ్చే ప్రతి లారీలోంచి కొంచెం ఖనిజం తీసి, ట్రేలో పోసి, ఓవెన్‌లో ఆరబెట్టి, తేమ ఎంత పోయిందో తూచి రాయాలి. ఓవెన్‌లో పెట్టిన ట్రేను టయానికి బయటికి తీయాలి, అంతే. ఆ చిన్న పనే నాకు చేతనయ్యేది కాదు. ఈలోపు ఇంకో పని మొదలుపెట్టేదాన్ని, అందులో మునిగిపోయేదాన్ని. రిపోర్టు కోసం లారీలు గేటు బయట బారుతీరి ఉండేవి.

"ఏంది మేడమ్, మత్తె మరిచిపోతిరా?" అనేవాడు మా సూపర్‌వైజరు. కన్నడం, తెలుగు కలిపే మాట్లాడేవాడు; మత్తె అంటే మళ్ళీ. "గేటుకాడ డ్రైవర్లు నన్ను తింటాండారు."

చిన్నప్పుడు చర్చిలో రెండో పాట మొదలయ్యాకే వచ్చే పిల్లనని నాకు పేరు. నాకు భయభక్తులు లేవని అమ్మ అనేది. పెళ్ళయ్యాక మా ఆయన ఏమీ అనేవారు కాదు. ఆయన బడిపంతులు. గోడ గడియారం వైపు ఒకసారి చూసి, నా టిఫిన్ డబ్బాకు మూత పెట్టి చేతికిచ్చేవారు. రేపటి నుంచి మారతానని ప్రతి రాత్రీ ప్రార్థనలో అనుకునేదాన్ని. పొద్దున్నే మళ్ళీ అదే పరుగు.

పాపకు ఏడేళ్ళప్పుడు ఒక శనివారం. మా ఆయన ట్రైనింగని అనంతపురం వెళ్ళారు. పాప బడి పన్నెండున్నరకు వదిలేస్తారు. నేను సగం రోజు సెలవు పెట్టుకున్నాను. పదకొండుకు ల్యాబ్ నుంచి బయలుదేరితే చాలు. పదీ నలభైకి గడియారం చూశాను. ఇంకా ఇరవై నిమిషాలుంది కదా అని, శాంపిళ్ళకు అంటించే చీటీల సొరుగు సర్దడానికి కూర్చున్నాను. తేదీల వరసన పెట్టాను. తర్వాత గనుల వరసన పెడితే బాగుంటుందనిపించి మళ్ళీ అన్నీ బయటికి తీశాను. చాలా రోజుల తర్వాత ఒక పని శుభ్రంగా చేస్తున్నానని సంతోషంగా కూడా ఉంది. తలెత్తేసరికి పన్నెండూ యాభై.

బడికి ఫోన్ చేశాను. ఆయా తీసింది. "అమ్మ ఆ మలుపుకాడ ఉండాదని చెప్పి పాయెనే మీ పాప!" అంది. ఆ బడి ఊరి చివర, ఇటు తోరణగల్లు వచ్చే రోడ్డు మీదే ఉంటుంది. ఖనిజం లారీలన్నీ ఆ దారినే పోతాయి. ఖనిజం మీద టార్పాలిన్ పట్టాలు కట్టకుండా, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. రోడ్డు పక్కన మనుషులు నడుస్తుంటే దుమ్ములో కనపడరు.

గేటు బయటికి పరిగెత్తి, కనిపించిన ప్రతి బండికీ చెయ్యి ఎత్తాను. ఒక్కటీ ఆగలేదు. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. అరగంట అయ్యుండొచ్చు, పది నిమిషాలే అయ్యుండొచ్చు. రెండు గంటల షిఫ్టు వాళ్ళను తెచ్చే మా కంపెనీ బస్సు వచ్చి నా ముందు ఆగింది. ముందు సీట్లో పాప. తల నుంచి సాక్సుల దాకా ఖనిజం దుమ్ముతో ఎర్రగా ఉంది.

"నువ్వు రాలేదని నేనే వస్తాండానమ్మా," అంది. ఏడవలేదు. పుస్తకాల సంచీ గుండెకు పట్టుకుని ఉంది.

డ్రైవరన్న కిందికి దిగాడు. ముస్లిం ఆయన, మా నాన్న కన్నా నాలుగైదేళ్ళు చిన్న. ఒకసారి పండగ రోజు పాపను నాతో బస్సులో తీసుకెళ్ళాను కాబట్టి గుర్తుపట్టాడట. "లారీ పక్కన్నే నడుస్తాండె బేటీ. నేను హారన్ కొడితే పక్కకి తిరిగింది. లేకుంటే…" అని ఆపేశాడు. "పోనీలేమ్మా, నీళ్ళు తాగించు ముందు."

ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

సోమవారం మొదటిసారి నేను బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. సగం దారి పోయాక అడిగాను: "ఇన్ని లారీల మధ్యలో నువ్వు రోజూ టయానికి ఎట్ల వస్తావన్నా?"

ఆయన అద్దంలోంచి చూశాడు. "ఆరూ నలభై అని నేను చూడనే చూడనమ్మా. అది మీరు చూసే టయిము. నాకు నాలుగూ యాభైకి టైర్లు, ఐదూ పదికి డీజిలు, ఐదున్నరకు బండి కదలాల. లారీలు దారి ఆపుతాయని ఇరవై నిమిషాలు ముందే ఊరికే ఇచ్చేస్తా. ఆ ఇరవై నాది కాదు, రోడ్డుది. నీకు బస్సు ఎప్పుడొస్తాదో తెలుసు. నువ్వు చెప్పులు ఎప్పుడు తొడుక్కోవాల, చెప్పు?"

ముప్పై నాలుగేళ్ళలో ఎవరూ నన్ను అలా అడగలేదు.

ఆ రోజు సాయంత్రం, అనంతపురం నుంచి వచ్చిన మా ఆయనకు జరిగింది చెప్పి, ఆయనతో కూర్చుని బస్సు వచ్చే ఆరూ నలభై దగ్గర్నుంచి వెనక్కి, ఏ పని ఎప్పుడో రాయడం మొదలుపెట్టాను. ప్రతి పనికీ ఎంతసేపు పడుతుందో వారం రోజులు ఆయన గడియారం పట్టుకుని చూశారు. పది నిమిషాలనుకున్న స్నానం ఇరవై ఆరు నిమిషాలు. ఐదనుకున్న జడ పద్నాలుగు. ఆ కాగితం చూస్తూ మా ఆయన, "నువ్వు అబద్ధం చెప్తాండావని అనుకున్నా ఇన్నాళ్ళు," అన్నారు. "నీకు నిజంగానే తెలీడం లేదు."

చెప్పులు ఆరూ ఇరవైకి అని తేలింది. వంటింట్లో ఒక గడియారం, స్నానాల గదిలో ఒకటి పెట్టాం. చీర రాత్రే తీసి కుర్చీ మీద వేసేదాన్ని. ల్యాబ్‌లో ట్రే లోపల పెట్టగానే నా చిన్న ఫోనులో అలారం పెట్టి, అది మోగేదాకా కొత్త పని ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను. చేతులు ఊరికే ఉంచుకుని కూర్చోవడం నేర్చుకోవడానికి నెలలు పట్టింది. బస్సు తప్పడం తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. అలారం ఆపేసి, ఎందుకు ఆపానో మరిచిపోయిన రోజులూ ఉన్నాయి. మిగతావాళ్ళకు ఊరికే వచ్చే పనికి నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాపలా కాయాలి. ఇంటికొచ్చి మంచం మీద వాలితే అన్నం తినడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

పాప మాత్రం చాలా రోజులు బడికి పోయేముందు అడిగేది, "నిజంగా వస్తావా?" అని. వస్తానని చెప్పేదాన్ని. నేను తీసుకురావాల్సిన రోజు, బడి గేటు తీయకముందే వెళ్ళి ఎండలో నిలబడేదాన్ని.

తర్వాత చాలా ఏళ్ళకు, గనులు మూతపడి, ల్యాబూ మూసేశాక, పాప కాలేజీలో ఉన్నప్పుడు తనే నాలాంటివాళ్ళ గురించి ఎక్కడో చదివి నన్ను బెంగళూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళమని వాళ్ళ నాన్న దగ్గర పట్టుబట్టింది. డాక్టరమ్మ చాలా ప్రశ్నలు అడిగింది. ఏడీహెచ్‌డీ అంటారు, ధ్యాస ఒకచోట నిలవకపోవడం, అంది. పుట్టుకతో వచ్చేదే, ఆడపిల్లల్లో తొందరగా గుర్తించరు అంది. తర్వాత ఏమేం చేయాలో చెప్పసాగింది: పనులు వెనక నుంచి లెక్కేసుకోవాలి, కనిపించేచోట గడియారాలు ఉండాలి. మా ఆయన నావైపు చూశారు. అవన్నీ ఎప్పటి నుంచో చేస్తున్నానని నేను చెప్పలేదు. మాత్రలు రాయించుకుని లేచాం. డాక్టరమ్మ అదంతా చెప్పినప్పుడు నాకు సంతోషమేమీ కలగలేదు. యాభై ఏళ్ళు దగ్గర పడ్డాక తెలిసింది. అమ్మ అప్పటికి లేదు, ఉంటే ఆమెకు చెప్పేదాన్ని.

మధ్యాహ్నం బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాం. చిత్రదుర్గం ఎన్నింటికి వస్తుంది, అక్కడ ఎంతసేపు ఆగుతుంది అని నేను అలవాటుగా ఫోనులో అలారాలు పెట్టుకుంటున్నాను. మా ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకుని జేబులో వేసుకున్నారు.

"పండుకో," అన్నారు. "నేను మేలుకొని ఉండా కదా."

కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను.