రెండు గడపల సాము

మొన్న మా పక్కింటి కోడలు గిన్నెతో ఉప్మా తెచ్చిచ్చి, అసలు సంగతి గుమ్మంలో నిలబడి అడిగింది. వాళ్ళమ్మాయి పొద్దున ఒకచోట కరాటే, సాయంత్రం ఇంకొకచోట తైక్వాండో నేర్చుకుంటోందట. అక్కడి సంగతి ఇక్కడ తెలియదు, ఇక్కడిది అక్కడ తెలియదు. చెప్పాలా, ఊరుకోవాలా, చెబితే ముందు ఎవరికి చెప్పాలి అని ఆమె దిగులు. నన్నే ఎందుకు అడిగిందంటే, ఒకప్పుడు నేను కర్ర తిప్పేదాన్నని ఈ వీధిలో ఎవరో పుకారు పుట్టించారు. పుకారు నిజమే. ఆమెకు ఏదో సర్దిచెప్పి పంపాను గానీ, ఆ రోజంతా నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. కూర అడుగంటింది. ఎండిన బట్టలు తెచ్చి మడతపెట్టాల్సింది పోయి, వాటినే దులిపి మళ్ళీ ఆరేశాను.

ఎనభైల చివర మేము మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్ళుండే భవాని పేట్‌లో ఉండేవాళ్ళం. గల్లీలో ఏ తలుపు తీసినా మగ్గమే. పవర్‌లూముల చప్పుడు ఎంత అలవాటంటే, కరెంటు పోయి అవి ఆగినప్పుడే మాకు చెవులు గింగురుమనేవి. ఆ నిశ్శబ్దంలో అందరూ వాకిళ్ళలోకి వచ్చి, ఏదో పోగొట్టుకున్న వాళ్ళలా అటూ ఇటూ చూసేవాళ్ళు. నేను మాత్రం కరెంటు ఉన్నా లేకున్నా అలాగే ఉండేదాన్ని. అమ్మ బీడీలు చుట్టేది. నన్నూ చాట ముందు కూర్చోబెట్టి తునికాకు కత్తిరించమనేది. నాలుగు ఆకులు కత్తిరించేసరికి నా కాళ్ళు నన్ను లేపి వాకిట్లోకి తీసుకుపోయేవి. "కూసుంటె కాలూగుతది, నిలవడితె చెయ్యూగుతది. దీన్ని ఏ మగ్గానికి కట్టాలె?" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ మొరపెట్టుకునేది. వచ్చినవాళ్ళు పెళ్ళి చేయమనేవాళ్ళు. ఏ రోగానికైనా మా గల్లీలో అదే మందు.

నా రోగానికి వేరే మందు మా తాత దగ్గర ఉండేది. తాత, అంటే మా నాన్న తండ్రి, పగలు చేతిమగ్గం మీద చద్దర్లు నేసేవాడు. పొద్దు వాలాక గల్లీ చివర తాలీంలో వస్తాదు. తాలీం అంటే ఎర్రమట్టి పరిచిన కుస్తీల గది, వస్తాదు అంటే అక్కడి గురువు. ఆ గదిలోకి ఆడవాళ్ళు పోకూడదు. ఆ నియమం తాత పెట్టింది కాదు, తీసేసే ధైర్యం కూడా ఆయన చేయలేదు. దాని బదులు తాలీం మట్టిని ఒక గంపెడు మోసుకొచ్చి, నూలు ఆరేసే మా వెనక వాకిట్లో చల్లి, తాలీంకు వెళ్ళేముందు మా గల్లీ ఆడపిల్లలకు అక్కడ కర్రసాము నేర్పడం మొదలుపెట్టాడు. మట్టిని తాకి కళ్ళకద్దుకోవాలి, కర్రను దాటకూడదు, కింద పడేయకూడదు, నోటితో మాట్లాడకూడదు. నూనె పట్టించిన ఆ వెదురు కర్ర అరచేతుల్లో తిరుగుతుంటే, దాని చుట్టూ గాలి గుయ్యిమంటుంటే, నా లోపల తిరిగేదేదో అప్పుడు మాత్రమే నిలకడగా ఉండేది.

అంత బాగున్నప్పుడు ఇంకొకటి ఎందుకు అని మీరు అడగవచ్చు, అమ్మ కూడా అడిగింది. నీలం నగర్‌లో ఒక పెళ్ళిళ్ళ హాలు మేడ మీద కరాటే క్లాసు పెట్టారు. ఆ సారు మా బడికి వచ్చి, పిల్లలందరి ముందు ఉత్త చేత్తో బంగాళాపెంకులు పగలగొట్టి చూపించారు. ఆ చప్పుడు విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. కట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పడానికి వెళ్ళే దారిలో మమ్మల్ని ఏడిపించే మగపిల్లలు ఉండేవాళ్ళు, ఆ కారణం చెప్పి తాతను అడిగాను. ఆయన మగ్గం మీద తెగిన పోగు అతికాడు. తర్వాత, కర్ర పట్టుకుని బస్సు ఎక్కనివ్వరు కాబట్టి ఉత్త చేతుల విద్య కూడా ఉండడం మంచిదేనన్నాడు. నేను లేచి పోబోతుంటే ఆపి, "ఇద్దరు తల్లులకాడ తిన్నా, ఒకామె ముంగట ఇంకొకామె వంట ముచ్చట తియ్యద్దు" అన్నాడు.

అలా నా రెండు బతుకులు మొదలయ్యాయి. పొద్దున నీలం నగర్‌లో తెల్ల బట్టలు వేసుకుని నడుము వంచి దండం, సాయంత్రం మా వాకిట్లో చున్నీ నడుముకు బిగించి మట్టికి దండం. ఒక్కోసారి తొందరలో సారు ముందు నేలను తాకబోయేదాన్ని, తాత ముందు నడుము వంచేదాన్ని. తాత నవ్వి ఊరుకునేవాడు. సారు నవ్వే మనిషి కాదు. వయసులో చిన్నవారే, మా వాళ్ళే, ఇంట్లో తెలుగే. కానీ క్లాసులో మరాఠీ, హిందీ తప్ప తెలుగు మాట రానిచ్చేవారు కాదు. నేను చేరిన కొన్నాళ్ళకు ఆయన అందరినీ వరసగా నిలబెట్టి, ఇక్కడ నేర్చుకునేవాళ్ళు ఇంకెక్కడా నేర్చుకోకూడదని చెప్పారు. అప్పటికే ఎక్కడైనా నేర్చుకుంటున్నారా అని మాత్రం అడగలేదు. అడగనిదానికి జవాబు ఎలా చెప్పాలో తెలియక, వారాల తరబడి వరసలో చివర నిలబడేదాన్ని.

చివరికి నా కాళ్ళే చెప్పేశాయి. ఒకరోజు నన్ను నాకన్నా జానెడు పొడవున్న అమ్మాయితో తలపడమన్నారు. ఆమె దెబ్బ మీద దెబ్బ వేస్తూ నన్ను గోడ దాకా నెట్టుకొచ్చింది. ఇక చోటు లేదనుకున్నప్పుడు నా ఎడమ కాలు దానంతటదే వంకరగా వెనక్కి దాటి, ఒళ్ళంతా గిర్రున తిరిగి, నేను ఆమె వెనక తేలాను. నా రెండు చేతులు లేని కర్రను పట్టుకుని గాల్లో ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు ఆపమని చెయ్యెత్తి దగ్గరికి వచ్చి, ఇది ఎవరు నేర్పారని హిందీలో అడిగారు.

తెలియదంటే సరిపోయేది. కానీ వాకిట్లో మట్టి చల్లిన మనిషిని లేడని ఎలా అనను? "మా తాత" అన్నాను, తెలుగులోనే.

సారు ముఖంలో కోపం కనిపించలేదు. కోపం వస్తే బాగుండేదనిపించింది. ఆయన కూడా మొదటిసారి క్లాసులో తెలుగు మాట్లాడారు. "రేపటి సంది రాకు. యాడ ఉంటవో సోంచాయించుకో."

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఇంట్లో ఉంటే వీధిలోకి, వీధిలో ఉంటే మేడ మీదికి. నీలం నగర్ బస్సు వస్తే ఎక్కకుండానే దాని వెనక కొంత దూరం నడిచేదాన్ని. రెండింటిలో ఏది వదలాలని తలుచుకున్నా ఒక చెయ్యి వదులుకోమన్నట్టే ఉండేది. రెండూ మానేసి చాట ముందు కూర్చుంటే పీడాపోతుందని అమ్మ తేల్చేసింది. సాయంత్రం వాకిట్లో నేను కర్రను ఎంత కసిగా తిప్పానంటే, అది ఆరేసిన నూలుకు తగిలి చిక్కుపడింది. తాత నూలు విడదీస్తూ, ఏమైందని అడిగి, అంతా విన్నాడు. మర్నాడు ఉతికిన ధోవతి, తెల్ల టోపీ వేసుకుని, పద అన్నాడు.

ఆయన సారుతో పోట్లాడతాడని భయపడుతూ వెంట నడిచాను. మేడ మెట్ల కిందే తాత చెప్పులు విడిచాడు. పైకెక్కి, క్లాసు గడపను చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. అది చూసి సారు గబగబా లేచి నిలబడ్డారు. కూర్చోమన్నారు. తాత కూర్చోలేదు. మనవడి వయసున్న మనిషిని మీరు అంటూ, మా పిల్ల ఏమైనా తప్పు చేసిందా అని అడిగాడు. తప్పు లేదు, కానీ నియమం అన్నారు సారు. ఎందుకు పెట్టుకున్నారని తాత మెల్లగా అడిగితే, ఆయన చెప్పారు. ఆయన చిన్నతనంలో పరాయి ఊళ్ళో ఒక గురువు దగ్గర ఉండేవారట. ఇంకొకరి దగ్గర కూడా కొన్నాళ్ళు నేర్చుకున్నారని తెలిసి, ఆ గురువు అందరి ముందూ బయటికి పంపేశాడట. ఎన్నిసార్లు వెళ్ళినా ఈనాటికీ తలుపు తీయలేదట. అది చెబుతున్నప్పుడు సారు గొంతు మా క్లాసులో ఎప్పుడూ వినని గొంతు. తన పిల్లల్లో ఎవరికీ అలాంటిది జరగకూడదనే ఈ నియమమట.

తాత అంతా విని, "ఆయన తలుపు తియ్యకుంటె మీకెంత కష్టమైందో. మరి గదే తలుపు మీరు ఈ పిల్లకు ఎందుకు పెడుతుండ్రు, సార్?" అన్నాడు.

సారు కిటికీ దగ్గరికి నడిచి అక్కల్‌కోట్ రోడ్డు వైపు చూశారు. కింద ఏవో లారీలు పోతున్నాయి. చివరికి ఇటు తిరిగి, ఇక్కడ కర్ర సంగతి ఎత్తకూడదు, ఇక్కడి తెల్ల బట్టలతో అక్కడ నిలబడకూడదు అని నాతో కాకుండా తాతతో చెప్పారు. తాత తల ఊపాడు. పెళ్ళి మాటలు కుదిరినట్టు ఇద్దరూ నన్ను ఒక్క మాటైనా అడక్కుండా తేల్చేశారు. నాకు కోపం రావాల్సింది, రాలేదు.

ఆ ఏడు గణపతి నిమజ్జనం ఊరేగింపులో మా గల్లీ ఆడపిల్లలం మొదటిసారి కర్రలతో నడిచాం. మధ్యాహ్నం ఎండలో కొంతం చౌక్‌లో ఊరేగింపు ఆగింది. డప్పుల మధ్య రెండు చేతుల్లో రెండు కర్రలు తిప్పుతూ చుట్టూ తిరుగుతున్నాను. జనంలో, గుగ్గిళ్ళ బండి పక్కన సారు కనిపించారు. మా చూపులు కలిశాయో లేదో, ఆయన టక్కున అటు తిరిగి బండివాడితో ఏదో బేరంలో మునిగిపోయారు. మేము ముందుకు కదిలేదాకా ఆ బేరం తెగలేదు.

మర్నాడు క్లాసులో నా పక్కగా వచ్చి నిలబడి, "మడిమె లేపకు. నిన్న గూడ ఎడమది..." అని, టక్కున ఆగి, పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. నిన్న నిమజ్జనమని క్లాసుకు సెలవు. నేను మడమ దించి నిలబడ్డాను.

తాతకు మాత్రం చెప్పాను. చెప్పకూడదని ఆయనే నేర్పినా, ఆగలేకపోయాను. ఆయన నన్ను వాకిట్లోకి తీసుకుపోయి, ఊరేగింపులో తిరిగిన ఆ సుడి మళ్ళీ మళ్ళీ తిప్పించాడు. మోకాళ్ళ మీద వంగి నా ఎడమ మడమ వైపే చూశాడు. లేచి చేతులు దులుపుకుంటూ, "నిజమే" అన్నాడు. "ఇన్నేండ్ల సంది నాకు అవుపడలే. మంచి గురువు దొరికిండు నీకు."

కొన్నేళ్ళు అలాగే సాగింది. తర్వాత సారు ఉద్యోగం మీద వేరే ఊరు వెళ్ళిపోయారు, నాకు పెళ్ళయి నేనూ వెళ్ళిపోయాను, తాత తన మగ్గం పక్కనే ఒక మధ్యాహ్నం కన్నుమూశాడు. వాళ్ళిద్దరూ ఆ మేడ మీద తప్ప మళ్ళీ ఎన్నడూ కలుసుకోలేదు. ఆనాడు మెట్లెక్కిన తాత వయసుకు నేను దగ్గర పడుతున్నాను. పరుగులు పెట్టి అందుకున్నవి చాలావరకు ఎటో పోయాయి. ఎటూ తోచక బస్సు వెనక నడిచిన ఆ కొన్ని రోజులను మాత్రం కాలం ఎందుకో తీసుకుపోకుండా నా దగ్గరే ఉంచేసింది.