సుగుణ డాక్టరు గారు అడిగే తీరు

ఉప్పూ తాలింపూ లేకుండా ఉడికే గుమ్మడికాయకు ఒక చప్పటి తీపి వాసన ఉంటుంది. పక్కింటి వాళ్ళ కుక్కపిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. మెత్తటి అన్నంలో గుమ్మడి గుజ్జు కలిపి పెట్టమని డాక్టరు చెప్పాడట. ఆ ఇంటావిడకు ఆఫీసుకు వేళ కావడంతో ముక్కలు నేనే పొయ్యి మీద పెట్టాను. మూత తీయగానే ఆవిరి ముఖానికి తగిలి, సికింద్రాబాద్ కార్ఖానా పేటలో ఉండే సుగుణ డాక్టరు గారు గుర్తొచ్చారు. ఆమె ఇప్పుడు లేరు. పాత రోగుల ఇళ్ళలో మాత్రం ఈ గుమ్మడికాయ పథ్యం ఇంకా ఆమె పేరు మీదే నడుస్తోంది.

ఆమె పశువైద్యురాలు. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ముందు గదిలో బెంచీలు, లోపలి గదిలో రేకు బల్ల, అంతే క్లినిక్. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, తెల్లచీర కొంగు దోపుకుని పనిలో దిగేవారు. లోపల ఆమె మాట్లాడితే బయట బెంచీ మీద ఉన్నవాళ్ళందరికీ వినబడేది.

అప్పుడు చిలకలగూడలో నేనూ నాన్నా ఉండేవాళ్ళం. అమ్మ పోయాక ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఒక వానాకాలం నాన్న వీధిలోంచి గోధుమరంగు కుక్కపిల్లను ఎత్తుకొచ్చి మున్నా అని పిలవడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండానే దానికి కడుపు చెడింది. నేను తీసుకెళ్ళాను.

"ఒంట్లో బాగాలేదు మేడమ్," అన్నాను.

"అది కనబడుతూనే ఉందమ్మా. దొడ్డికి ఎలా వెళ్తున్నాడు? నీళ్ళలాగా ఉందా, జిగటగా ఉందా? రంగేమిటి?"

తలుపు తీసే ఉంది. బయట మగవాళ్ళున్నారు. సరిగ్గా చూడలేదని గొణిగాను. చూశాను, కానీ ఆ మాటలు నోటికి రాలేదు. అమ్మ జబ్బు గురించి కూడా గట్టిగా మాట్లాడుకోని ఇల్లు మాది.

ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. "వాడికి నోరు లేదు కదా. లోపల ఏం జరుగుతోందో నాకు తెలిసేది దాని వల్లే. రేపు పొద్దున కాస్త డబ్బాలో పట్టుకురా," అన్నారు.

మర్నాడు ఆ చిన్న డబ్బాను మూడు కవర్లలో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను. పక్కనున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే నా వల్లేనేమోనని సిగ్గుతో చచ్చిపోయాను. క్లినిక్‌లో ఆమె నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. పల్చటి పెంకుతో నిగనిగలాడే గుడ్లు కనిపించాయి. "కొంకి పురుగులవి. పేగు పట్టుకుని రక్తం తాగుతాయి. వీడి చిగుళ్ళు చూడు, ఎలా పాలిపోయాయో. ఇంకొన్నాళ్ళు నువ్వు సిగ్గుపడుతూ కూర్చునుంటే వీడు దక్కేవాడు కాదు," అన్నారు. అందులో కోపం లేదు. అయినా చెవులు వేడెక్కాయి.

మున్నా బతికాడు. పెరిగాడు. అప్పటి నుంచి వాడు దొడ్డికి వెళ్ళిన చోటు చూడకుండా వచ్చేదాన్ని కాదు. కొంచెం జిగట కనబడినా ఆమెకు ఫోన్ చేసి, ఆఫీసులో పక్క సీట్ల వాళ్ళు వింటున్నా చెప్పేదాన్ని.

కొన్నేళ్ళకు వాడు వెనక కాలు కుంటడం మొదలుపెట్టాడు. తరవాత తిండి మానేశాడు. ఒక ఉదయం వాడి దొడ్డి తారులా నల్లగా, బంకగా ఉంది. ఆటోలో వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. నాన్న కూడా మోకాళ్ళ నొప్పితో కుంటుతూనే వెంట వచ్చాడు.

"నలుపంటే పై కడుపులో రక్తం కారుతోంది," అన్నారు డాక్టరు గారు చెయ్యి కడుక్కుంటూ. "ఏం తిన్నాడు? ఎలకల మందు, మాత్రలు, ఏమైనా?"

"ఏం లేదు మేడమ్. అన్నీ నేనే చూస్తాను," అన్నాను. నాన్న గోడ వైపు చూస్తున్నాడు.

ఆమె ఒక్క క్షణం ఆయన్ను చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. ఎప్పుడూ వినని నెమ్మదైన గొంతుతో, "మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ ఇప్పుడు?" అని అడిగారు.

"నొస్తనే ఉన్నయమ్మా. గోలీ ఏస్కుంటే జెర తగ్గుతది."

"ఏ గోలీ?"

నాన్న జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "కుంటుతుంటే చూడబుద్ధి కాలే. నాకు తగ్గింది గద, వానికి సుత తగ్గుతదనుకున్న. పెరుగన్నంల సగం సగం పెట్టిన."

"బాధ చూడలేక పెట్టారు. మనుషుల మాత్ర వీళ్ళ కడుపుకు పడదు. ఎప్పటి నుంచి పెడుతున్నారో చెప్పండి, నాకు పని తేలికవుతుంది," అన్నారామె. నాన్న అన్నీ చెప్పాడు.

బయటికి రాగానే, బెంచీల మీద జనమంతా చూస్తుండగా నేను అరిచాను. "అడిగినప్పుడు చెప్పడానికి ఏమైంది? చంపేద్దామనుకున్నవా?" నాన్న తల వంచుకున్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి నడిచి అక్కడ నిలబడ్డాడు.

డాక్టరు గారు నన్ను లోపలికి పిలిచి తలుపు వేశారు. ఆమె తలుపు వెయ్యడం నేను చూడడం అదే మొదటిసారి. "ఆయన నాకు భయపడి దాచలేదమ్మా. నీ ముందు చెప్పలేక దాచారు. ఇవాళ ఇలా అరిస్తే, రేపు ఆయనకే ఏదైనా అయినా నీకు చెప్పరు."

కన్నకూతురి ముందు తండ్రి నోరెత్తలేని ఇల్లు నేనే తయారుచేశానని అప్పటిదాకా నాకు తెలియదు.

మున్నాకు రోజూ సెలైన్, ఇంజెక్షన్లు. నాన్న వాడి పక్కనే నేల మీద కూర్చుని గుమ్మడి గుజ్జు వేలితో నాకించేవాడు. వాడు నెమ్మదిగా లేచాడు. ఆ రోజుల్లో నేను మందుల గురించి తప్ప నాన్నతో ఏమీ అనలేదు. కానీ ఏదైనా అడగాల్సి వస్తే కూర్చుని, గొంతు తగ్గించి అడగడం అలవాటు చేసుకున్నాను.

మరుసటి ఎండాకాలంలో ఒక పొద్దున నేను బియ్యం కడుగుతుంటే నాన్న వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"ఏంది నాన్నా?"

"నాకు సుత నల్లగనే పోతున్నదిరా. మున్నాకు అయినట్టే."

"ఎప్పటి సంది?" అన్నాను. ఎందుకు చెప్పలేదని అనలేదు. నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను.

కడుపులో పుండు. ఆ గోలీల వల్లే. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని ఆసుపత్రిలో అన్నారు. నాన్న కోలుకున్నాక ఈ సంగతి చెబుదామని కార్ఖానా వెళ్తే, క్లినిక్ షట్టర్ దించి ఉంది. డాక్టరు గారు మంచాన పడ్డారని పక్క దుకాణం అతను చెప్పాడు. తరవాత ఆమె సమాధి కార్యక్రమానికి వెళ్ళి వెనక వరసలో నిలబడి వచ్చాను. చెప్పవలసింది చెప్పనేలేదు.

గొంతు తగ్గించి అడగడం ఆమె నాకు నేర్పారు. నా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు తప్పు జరిగితే నా దగ్గరికే వచ్చి చెబుతారు. వాళ్ళ దృష్టిలో నేను మంచిదాన్ని. ఇంట్లో మాత్రం, ఇప్పటికీ నాన్న చేతిలోంచి గ్లాసు జారి పడితే, ఆయన కిందికి చూడడు. ముందు నా ముఖం చూస్తాడు.