బస్సుతో పంపిన కబురు

తొంభైల్లో వచ్చిన ఒక తుఫానుకి మా ఇంటి గోడలు కూలిపోయాయి. ఇద్దరు ఆడపిల్లల్నీ తీసుకుని ముందే బడి వరండాలోకి చేరాను కాబట్టి మాకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు. మా ఆయన ముందురోజు బెల్లం బండితో అనకాపల్లి వెళ్లి, వానకి అక్కడే ఉండిపోయాడు. ఫోన్లు పనిచెయ్యడం లేదు. పొద్దున్న మా చోడవరం నుంచి అనకాపల్లికి ఒక్క బస్సు బయల్దేరుతుంటే పరిగెత్తుకెళ్లి కండక్టర్ని పట్టుకున్నాను.

"బాబూ, బెల్లం మార్కెట్లో మా ఆయనుంటాడు, నువ్వెరుగుదువు గదా. ఇల్లు పడిపోనాదని సెప్పు బాబూ."

"సెప్తాన్లే అమ్మా. ఈయాల టికెట్ల కన్నా కబుర్లే ఎక్కువైపోనాయి," అన్నాడతను. బస్సు కదిలిపోయింది.

కబురు అందింది. తిరుగు బస్సు లేక, బండి అక్కడే వదిలేసి ఆయన నడిచి బయల్దేరాడు. దారిలో గెడ్డ పొంగి రోడ్డు మీద పారుతోంది. నీళ్లు తగ్గేదాకా ఆగమని పక్కనున్నవాళ్లు చెప్పారట.

"ఇల్లు పడిపోనాదంట. నా గుంటలు ఏటయ్యారో," అంటూ పిల్లల కోసం నీళ్లలోకి దిగాడట.

అప్పటికి మేం బడిలో వేడి గంజి తాగుతున్నాం. మూడో రోజున ఆయన శవం చెరుకు తోటలో దొరికింది.

పిల్లలు బాగున్నారన్న ఒక్క మాట నేను పంపలేదు. ఆ పొద్దున్న నా కళ్లకి గోడలే కనపడ్డాయి.

ఇప్పుడు తుఫానొస్తే మా పెద్దమ్మాయి ఫోన్లో ఊరి గ్రూపుకి పడిపోయిన చెట్ల ఫోటోలు పెడుతుంది.

"ముందు మనుషులం బాగున్నామని పెట్టవే. సెట్లు తరవాత," అంటాను.

అది రాసింది చెరిపి మళ్లీ రాస్తుంది.