కౌంటర్లు ఆగిపోయిన వారం

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆరేళ్ళుగా సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను. చూడటమంటే, దాన్ని రాసిందీ నేనే, అది ఆగినప్పుడు తిట్లు తినేదీ నేనే. రైతు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లోపలికి వెళ్ళేముందు కౌంటర్లో లాట్ నంబరు పడాలి. నంబరు పడకపోతే లారీ కదలదు. లారీ కదలకపోతే రోడ్డు మొత్తం తుమ్ముతుంది.

ఆ సీజన్లో మా యజమాని వినుకొండలో రెండో స్టోరేజీ కట్టారు. అక్కడి కంప్యూటర్ల బాధ్యత ఒకరికి అప్పగిస్తానన్నారు. ఆ ఒకరు నేనేనని నాకు తెలుసు, ఆయనకే ఇంకా తెలియదు. విడిగా గది, రానూపోనూ కారు. నాకు వాటిమీద పెద్ద ఆశ లేదు. గదికి ఏ రంగు కర్టెన్లయితే బాగుంటాయో మాత్రం ఆలోచించి పెట్టుకున్నాను.

అప్పుడే నాకు సాయంగా ఒక అమ్మాయిని చేర్చుకున్నారు. కాలేజీ నుంచి బయటికొచ్చి ఏడాది కాలేదు. వాళ్ళ నాన్న వినుకొండ పక్కన మిర్చి రైతు. వచ్చిన మూడో రోజుకే గుమస్తాలు ఆమెను 'మేడంగారూ' అనసాగారు. నన్ను ఆరేళ్ళుగా 'కంప్యూటరాయన' అంటున్నారు.

ఆ సోమవారం కొత్తగా ఇంకో రెండు కౌంటర్లు తెరిచాం. అంతవరకూ పుస్తకంలో రాసుకునే పెద్ద గుమస్తాను ఒకదాంట్లో కూర్చోబెట్టాం. మంగళవారం మూడింటికి అన్ని కౌంటర్లూ ఆగిపోయాయి. సర్వర్ రీస్టార్ట్ చేశాను, రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంది. "చూశావామ్మా, అనుభవం" అన్నాను ఆ అమ్మాయితో. బుధవారం పన్నెండింటికి మళ్ళీ ఆగాయి. గురువారం ఒంటిగంటన్నరకి. కొత్త సర్వర్ కొనాలని యజమానితో అన్నాను. తేమ ఆరని మిరపకాయను చూసినట్టు చూశారు.

"శనివారం లోపల ఎవరు పట్టుకుంటారో పట్టుకోండి. వినుకొండ సంగతి కూడా అప్పుడే తేలుద్దాం" అన్నారు, మా ఇద్దరినీ చూస్తూ. ఇద్దరినీ చూడాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

నేను పనిలో దిగాను. త్వరగా వెతకడానికి డేటాబేస్‌కి ఇండెక్సులు వేశాను. రెండు సెకన్లకి జవాబిచ్చే ఒక క్వెరీని ఒక సెకనుకు తెచ్చాను. దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదన్నది వేరే విషయం. ఆ అమ్మాయి పెద్ద గుమస్తా పక్కన స్టూలేసుకుని టీ తాగుతోంది. నాకు హాయిగా అనిపించింది. పాపం, పని నిదానంగా నేర్చుకుంటుందిలే అనుకున్నాను.

పెద్ద గుమస్తాది ఇంకో గొడవ. "బాబూ, నేను కొట్టిన ఎంట్రీ రోజూ ఒకటి మాయమైపోతోందయ్యా."

"సేవ్ నొక్కి ఉండరు బాబాయ్" అన్నాను. ఆ వారమంతా నేను పలికిన ఒకే ఒక్క నిజం అది. నేనే దాన్ని వినిపించుకోలేదు.

శుక్రవారం పదిన్నరకి మళ్ళీ ఆగాయి. రీస్టార్ట్‌కి చెయ్యి చాచాను.

"ఒక్క నిమిషం సార్, ఆపకండి" అందా అమ్మాయి. ఎవరు ఎవరికోసం ఆగి ఉన్నారో చూపించే క్వెరీ ఒకటి నడిపింది. అన్ని కౌంటర్లూ పెద్ద గుమస్తా స్క్రీన్ కోసమే ఆగి ఉన్నాయి. ఆ క్వెరీ నాకూ తెలుసు. తెలిసిన మందు ఇంట్లో పెట్టుకుని జ్వరంతో తిరిగినట్టుంది నా పని.

"మంగళవారం మూడు, బుధవారం పన్నెండు, గురువారం ఒంటిగంటన్నర, ఇవాళ పదిన్నర. ఇవి మా నాన్న నారు తాకని టైములు సార్."

రాహుకాలం! ఇద్దరం కౌంటర్ దగ్గరికి వెళ్ళాం. పెద్ద గుమస్తా బయట నీడలో కూర్చుని ఉన్నాడు. స్క్రీన్ మీద ఒక రైతు పేరు కొట్టి ఉంది. సేవ్ కాలేదు.

"రాహుకాలంలో కొత్త లాట్ మొదలెడితే రైతులు ఊరుకుంటారా? అందుకే ముందే పేరు కొట్టి తెరిచిపెడతా. మొదలైనట్టే కదా, సరుకు దింపుకుంటారు. కాలం పోయాక సేవ్ చేస్తా. ఇందులో తప్పేముంది బాబూ?"

ఆయన తప్పేమీ లేదు. తప్పు నాది. స్క్రీన్ తెరవగానే లాట్ నంబరు తీసుకునేలా నేనే రాశాను. ఒకరు తీసుకుని సేవ్ చేయకపోతే, మిగతావాళ్ళకి నంబరు రాదు. నేను రీస్టార్ట్ చేసినప్పుడల్లా ఆయన ఎంట్రీ గాలికి పోయేది. రెండు గొడవలూ ఒకటే.

"మరి సోమవారం ఎందుకు ఆగలేదు?" అన్నాను. ఆదివారం నేను సర్వర్ శుభ్రం చేస్తాను, దాని ఫలితమని నా నమ్మకం.

"సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది వరకండీ. మనం తెరిచేదే తొమ్మిదికి" అంది ఆ అమ్మాయి.

ఆ నమ్మకమూ పోయింది.

"ఓనర్‌గారికి మీరే చెప్పండి సార్" అంది.

అక్కడ కాలింది నాకు. గెలిచినవాళ్ళు కాస్త ఎగరాలి, మనం నాలుగు మాటలు అనుకోవడానికైనా వీలుంటుంది. "లేదమ్మా, నువ్వే చెప్పు" అన్నాను ఉదారంగా. చెప్పేటప్పుడు తడబడుతుందని ఆశ.

తడబడలేదు. మూడు వాక్యాల్లో చెప్పింది. యజమాని అంతా విని, "ఒకాయన తెరిచిపెడితే అందరూ ఆగడమేంటి? అట్లా రాసిందెవరు?" అన్నారు.

నేను ఫ్యాన్ వైపు చూశాను.

"అప్పుడు మనకున్నది ఒకటే కౌంటరండీ. దానికి అది సరిగ్గానే ఉంది" అంది ఆ అమ్మాయి. "నంబరు సేవ్ చేసేటప్పుడు తీసుకునేలా మార్చాలి. సార్ సాయంత్రానికి చేసేస్తారు."

పని ఇరవై నిమిషాలు పట్టింది. సాయంత్రం దాకా చేశాను.

వినుకొండ ఆమెకే ఇచ్చారు. రాసిందెవరని అడిగినప్పుడు నా పేరు చెప్పి ఉంటే ఎంత బాగుండేది. తిట్టుకోవడానికి ఒక్క కారణం దొరికేది. అది కూడా మిగల్చకుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు గుంటూరు నుంచి ఆమెను తీసుకెళ్ళే కారు రోజూ మా గేటు ముందు నుంచే పోతుంది. డ్రైవరు టీకి ఆగినప్పుడు అడుగుతుంటాను, "అక్కడ ఏమైనా ఆగుతోందా?" అని. ఊరికే, క్షేమం కోసం.

"అబ్బే, నీళ్ళలా నడుస్తోందంటండీ" అంటాడు.

డ్రైవరు మంచివాడే. మాటలే కాస్త ఎక్కువ.