నెట్ జీరో చేస్తానని వెళ్లి...

ఒక్క మాటతో ఊరు ఊరంతా నా మీదికి లేచేలా చేసిన ఘనుణ్ని నేను. ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు, ఎవరి కోడినీ దొంగిలించలేదు. భూగోళాన్ని కాపాడదామని వెళ్లాను, అంతే. చివరికి నన్ను కాపాడడానికే మనుషులు కావలసి వచ్చారు. ఎలాగో చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ మా ఆఫీసులో మాత్రం గుర్తు చేయకండి, వాళ్లు ఇప్పటికే సరిపడా నవ్వారు.

అప్పట్లో నాకు ఖమ్మంలో ఒక స్వచ్ఛంద సంస్థలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. పల్లెల్లో సోలార్ పెట్టించడం మా పని. ట్రైనింగ్ అయ్యేసరికి నా భాషే మారిపోయింది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే "అమ్మా, ఉద్గారాలు!" అని అరిచాను. అమ్మ గరిటెతో నెత్తిమీద ఒక్కటిచ్చింది. తమాషా ఏమిటంటే మాది పాల్వంచ, మా నాన్న ఉద్యోగం థర్మల్ ప్లాంటులో. బొగ్గు కాల్చి తెచ్చిన జీతంతో చదువుకున్న నేను, అన్నం దగ్గర ఆయనకే బొగ్గు వల్ల ఎంత అనర్థమో ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. ఆయన ఓపికగా విని "అయిపోయిందా? గా చారు గిన్నె ఇటియ్యి" అనేవాడు.

అలాంటి నన్ను భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఒక గూడేనికి పంపారు. అక్కడి చిన్న దవాఖానా మీద సోలార్ పలకలు పెట్టాలి. ఆ రోజు గ్రామసభ ఒప్పుకుంటే సరి, లేదంటే ఆ పలకలు వేరే ఊరికి పోతాయి. బస్సు దిగగానే అక్కడ పనిచేసే నర్సు రమక్క ఎదురొచ్చింది.

"తమ్మీ, జర గాలొస్తే చాలు, కరెంటు పోతది. మళ్ల ఎప్పుడొస్తదో ఎవ్వలకూ ఎరుక లేదు. మొన్న వానల్ల సెల్లు లైటు పెట్టుకొని కాన్పు జేసిన. నడిమిట్ల చార్జింగ్ అయిపోయింది. గా పిల్ల చెయ్యి పట్టుకొని చీకట్ల ఎంత భయపడ్డనో!"

"అయ్యో! తల్లీబిడ్డా బాగున్నారా అక్కా?"

"అవ్, బాగున్నరు. మళ్ల గట్ల అయితే నాతోని కాదు. ఎట్లనన్న జేసి ఇయ్యాల ఒప్పియ్యి."

"ఫికర్ చేయకు అక్కా, నేనున్నా కదా!" అన్నాను. అన్నది నేనే, నా నోటితోనే.

బడి వరండాలో సభ. కుర్చీలో సర్పంచ్ సమ్మక్క, కింద చాపల మీద ఊరంతా. నిజానికి అందరూ ఒప్పుకుందామనే వచ్చారు. "దవాఖానాకు సోలార్ పెడతాం, సరేనా?" అని అడిగి ఉంటే చాయ్ తాగి, వచ్చిన బస్సే ఎక్కేవాణ్ని. కానీ అంత కష్టపడి నేర్చుకున్న భాష ఊరుకోనిస్తుందా? గొంతు సవరించుకున్నాను.

"గ్రామస్తులారా! దేశం పరిశ్రమలతో పరుగులు తీస్తోంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిపోతోంది. దాన్ని మనమంతా తగ్గించుకోవాలి!"

ముందు కూర్చున్న ఒక అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏం పులుసు?"

"బొగ్గుపులుసు అవ్వా."

"గదెట్ల తింటరయ్యా? మేం చేపల పులుసు వండుకుంటం. బొగ్గుతోని ఎవ్వలం వండం."

"తినేది కాదవ్వా, గాలిలో ఉంటుంది."

"పులుసు గాల్లెందుకుంటది?"

వరండా అంతా పకపకలు. నేనూ నవ్వాను. అక్కడితో ఆగి ఉంటే నాకీ కథ ఉండేదే కాదు. పరువు దక్కించుకోవాలని గొంతు ఇంకాస్త పెంచాను.

"సరే, పులుసు వదిలేద్దాం. ఒక్కటే మాట. ఈ సోలార్‌తో మొదలుపెట్టి మీ ఊరిని నెట్ జీరో చేసి చూపిస్తాం!"

చప్పట్ల కోసం ఆగాను. నవ్వులు కూడా ఆగిపోయాయి.

నెట్ జీరో అంటే మీకు తెలిసే ఉంటుంది. మనం ఎంత పొగ వదులుతామో అంతా చెట్లూ గట్రా పీల్చుకుని, మిగిలే లెక్క సున్నా కావడం. అది నాకూ తెలుసు. తెలియనిదల్లా ఆ ఊరికి సెల్ టవర్ వచ్చి నెల కూడా కాలేదని. అంతకుముందు ఒక్క ఫోన్ మాట్లాడాలంటే గుట్ట ఎక్కాల్సి వచ్చేదట.

నగేశ్ అనే కుర్రాడు లేచాడు. "ఏందీ? నెట్ జీరో జేస్తవా?"

ఎంత ఆసక్తిగా అడుగుతున్నాడో అని మురిసిపోయాను. "అవును! పూర్తిగా జీరో!"

"ఎప్పట్నుంచి?"

"ఎంత జల్దీ వీలైతే అంత జల్దీ!"

"ఎవ్వలు జెప్పిండ్రు?"

"ఇది దేశం పెట్టుకున్న పాలసీ తమ్ముడూ. అన్ని ఊళ్లూ జీరో అవుతాయి. అందరికంటే ముందు మీదే!"

ఇక చూడండి, తేనెతుట్టె కదిలింది. "టవర్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగినయ్ మాకు!" అని ఒకాయన. "నా బిడ్డ వరంగల్‌ల చదువుతుంది. రోజూ వీడియోల దాని మొకం చూసుకుంటున్న. గదిసుత తీసేస్తవా?" అని ఒకావిడ. సమ్మక్క కుర్చీలోంచి లేచింది.

"సారూ, నెట్ గుంజుకొని సోలార్ ఇస్తరా? గట్లయితే మాకొద్దు. నీ పలకలు నువ్వే ఎత్తుకపో."

రమక్క వైపు చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూస్తోంది.

"ఆ నెట్ కాదండీ! ఇది ఇంగ్లీషు నెట్!" అని అరిచాను.

"మాదీ ఇంగ్లీషు నెట్టే!" అన్నాడు నగేశ్.

"నువ్వెవ్వల పిల్లగానివి? మీ నాయన ఏం జేస్తడు?" అడిగింది సమ్మక్క.

"పాల్వంచ... థర్మల్ ప్లాంటులో..."

"అంటే పొగ మీరు పెడతరు, నెట్ మాది తీస్తరు?"

దానికి ట్రైనింగ్‌లో జవాబు చెప్పలేదు.

"మీ నాయనకు ఫోన్ కొట్టు. వీడియోల కొట్టు, నెట్ ఉన్నప్పుడే మాట్లాడతం" అన్నాడు నగేశ్. కొట్టాను. డ్యూటీ దిగి వచ్చిన నాన్న భుజం మీద తువ్వాలతో కనబడ్డాడు. "ఏందిరా, తిన్నవా?" అంటుండగానే సమ్మక్క ఫోన్ లాక్కుంది.

"అన్నా, నీ కొడుకు మా నెట్ బంద్ జేస్తనని వచ్చిండు. నిజమేనా?"

"వాడా?" నాన్న ఆశ్చర్యపోయాడు. "ఇంట్ల ఫ్యాన్ బంద్ జేసుడే మరిచిపోతడు చెల్లె. వాడు ఊరి నెట్ బంద్ జేస్తడా?"

వరండా దద్దరిల్లింది. నా పరువు పోతే పోయింది, ఊరు మళ్లీ నవ్వుతోంది.

"మరి నెట్ జీరో అంటుండు?"

"గది పొగ లెక్క, ఫోన్ లెక్క కాదు. ఇంటికొస్తే చాలు, అన్నం కాడ గిదే చెప్తడు, నాకే సమజ్ కాలే." నాన్న కాసేపు దగ్గాడు. "గని ఒక్క మాట చెల్లె. బొగ్గుతోనే నా పిల్లలు పెరిగిండ్రు, దాన్ని నేను తిట్ట. అయినా చెప్తున్న, ఎండతోని మీ దవాఖానల లైటు వెలుగుతదంటే ఒద్దనకుండ్రి. చెట్టు కొమ్మ ఇరిగి తీగల మీద పడ్డా ఆ లైటు ఆరదు."

"మరి మా నెట్?"

"నెట్ పోదు. ఇంకా సెల్లు చార్జింగ్ సుత పెట్టుకోవచ్చు!"

చేతులన్నీ ఒక్కసారి లేచాయి. రమక్క కళ్లు తుడుచుకుని నన్ను చూసి నవ్వేసింది. నాకూ ఏడుపొచ్చినంత పనయింది. సమ్మక్క మాత్రం నన్ను పూర్తిగా నమ్మలేదు, తీర్మానంలో ఒక వాక్యం పట్టుబట్టి రాయించింది: "సోలార్‌కు ఒప్పుకున్నాం, నెట్ మాత్రం ఫుల్ ఉండాలి."

పలకలు వచ్చాయి, దవాఖానాలో లైటు వెలిగింది. కొన్నాళ్లకు మా పెద్ద సారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా, ఈ నెట్ ఫుల్ సోలార్ ఏమిటి? చుట్టుపక్కల ఊళ్ల సర్పంచులంతా వచ్చి ఆఫీసులో కూర్చున్నారు. మాకూ అదే కావాలంటున్నారు. కేంద్రం స్కీమా, రాష్ట్రం స్కీమా?"

"మా నాన్న స్కీము సార్" అన్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, గోదారమ్మ సాక్షిగా ఇదే నా శపథం: ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు నలుగురి మధ్య నెట్ అనను, జీరో అనను. మొన్న బజారులో కూడా మాట తప్పకుండా "ఆ చిన్న గుడ్డి బల్బు ఒకటివ్వండి" అని అడిగాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "జీరో బల్బనాలె సార్. గంత చదువుకున్నోళ్ల లెక్క ఉన్నరు, గిదిసుత తెల్వదా?" అన్నాడు.