నా మెడ మీది పౌడరు

అప్పట్లో నేను నల్లగొండలో ఒక పశువైద్య ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. గొర్రెల రక్తంలో జింకు ఎంత ఉందో కొలవడం మా పని. రక్తంలో అది ఉండేదే లేశమంత. కొత్తగా చేరిన శైలజ పనిని మా సారు రోజూ మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది.

ఒక ఎండాకాలం ఒకే గొర్రె రక్తాన్ని ఇద్దరం విడివిడిగా కొలిచాం. నాకు వచ్చిన జింకు ఆమెకు వచ్చినదానికి రెట్టింపు ఉంది. నాకు లోలోపల పండగే.

"కొలవకుండనే రాసింది సార్. ఈమెను మిషన్ కాడికి రానియ్యొద్దు" అన్నాను అందరి ముందూ.

శైలజ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మళ్ల కొలుస్త సార్, మీ ముందలనే" అంది.

సారు ఇద్దరికీ శుద్ధమైన నీళ్లిచ్చి కొలవమన్నారు. ఆమె నీళ్లలో జింకు లేదు. నా నీళ్లలో ఉంది! సారు నన్ను ఎగాదిగా చూశారు.

"మెడకు గా తెల్లగ ఏందయ్యా?"

"చెమటకాయల పౌడర్ సార్."

"దాంట్లనే జింకుంటది. నువ్వు వంగినప్పుడల్ల సీసల రాలుతాంది. గొర్రెను కాదు, నీ మెడను కొలిచినవు పో!"

అందరూ పగలబడి నవ్వారు. శైలజ నవ్వలేదు. తలదించుకుని క్షమించమన్నాను.

"గంత మాట అనేముందు నన్నొక్కసారి అడగకపోతివా అన్నా?" అంది.

చేరిన రోజు నుంచీ ఆమె నన్ను అన్నా అనే పిలిచేది. ఈర్ష్యతో నిండిన నా చెవులకు ఆ పిలుపు అంతవరకూ వినపడనే లేదు.