ఏడో రోజు, నాలుగు గంటల లోపు

అది సోమవారం. మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. ఆ టైము నాకు గట్టిగా గుర్తు. అక్షరాలు రాని రోజుల్లో కూడా గడియారం చూడటం నాకు వచ్చు, కాలేజీలో గంట కొట్టేది నేనే కాబట్టి. మొన్న కరీంనగర్‌లో మా కోడలు తన బంగారు గుండ్లలో లక్క నింపించుకుంటానంటే అవుసలాయన, అంటే కంసాలి, దుకాణానికి వెంట పోయాను. ఆయన లక్క ముక్కను మంట మీద పెట్టగానే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలింది. ఇక కూర్చోలేకపోయాను. బయటికి వచ్చి ఆటోలు పోతుంటే చూస్తూ నిలబడ్డాను. కోడలు వచ్చి కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగింది. లేదన్నాను. నాకు ఎస్తేరు మేడం గుర్తొచ్చిందని చెబితే ఆ పిల్లకు ఏం అర్థమవుతుంది? ఆమెను ఎన్నడూ చూడలేదాయె.

లక్సెట్టిపేట అవతల ఒక చిన్న క్రిస్టియన్ కాలేజీలో నేను అటెండర్‌ని. మూడు వందల మంది పిల్లలు కూడా ఉండేవారు కాదు. పొద్దున తొమ్మిదింటికి ప్రార్థన, ఆ తర్వాత క్లాసులు. ఎస్తేరు మేడం కెమిస్ట్రీ చెప్పేది, పరీక్షల విభాగం కూడా ఆమెదే. సొంతూరు నిర్మల్. సన్నగా, పొడుగ్గా ఉండేది, నవ్వడం తక్కువ. హాజరు, మార్కులు, గ్రేడ్లు, రికార్డులు ఇచ్చే గడువులు, ఇవన్నీ ఉన్న పచ్చ అట్ట నియమాల పుస్తకం ఒకటి ఎప్పుడూ ఆమె సంచిలో ఉండేది. పిల్లలు ఆమెను వెనకాల తిట్టుకునేవారు. నేనూ తిట్టుకున్నాను, దాచుకోవడం దేనికి?

ఆమె ఎట్లాంటి మనిషో నాకు ఒక రోజు తెలిసింది. చర్చి పెద్ద ఒకాయన కొడుకుకు హాజరు ఒక్క శాతం తగ్గింది. డెబ్బై అయిదు ఉండాలి, డెబ్బై నాలుగు ఉంది. మా ప్రిన్సిపాల్ దానియేలు పాస్టరు కూడా, అందరం అయ్యగారు అనేవాళ్ళం. ఆయనే స్వయంగా పరీక్షల గదికి వచ్చి కూర్చున్నారు. నేను చాయ్ గ్లాసులు పెడుతున్నాను.

"ఒక్క శాతమే గద మేడం. మన సంఘపు పిల్లగాడు."

"లెక్కల డెబ్బై నాలుగున్నదయ్యగారూ. దాన్ని డెబ్బై అయిదు చేసుడు నాతోని గాదు. మీరు ప్రార్థన చేసి చూడున్రి."

అయ్యగారు చాయ్ తాగకుండానే లేచి పోయారు. ఆ పిల్లవాడు ఆ ఏడు పరీక్ష రాయలేదు. ఆ రోజే నేను మనసులో ఒక మాట అనుకున్నాను: ఈమె ముందర తప్పు చేసి దొరికితే నా నౌకరీ ఉండదు. ఆ భయమే తర్వాత నాతో చేయకూడని పని చేయించింది.

నాకు చదువు రాదని కాలేజీలో ఎవరికీ తెలియదు. ఉద్యోగంలో చేరేటప్పుడు నా పేరు గీయడం నేర్చుకుని పోయాను. బొమ్మ గీసినట్టు గీసేదాన్ని. నోటీసు పుస్తకం క్లాసు క్లాసుకూ తిప్పడం నా పని. సారు తీసుకుని పిల్లలకు చదివి వినిపించి సంతకం పెడతాడు, నేను మరో గదికి పోతాను. అక్షరాలతో పనేముంది? పరీక్ష పేపర్ల కట్టలైతే దారం రంగును బట్టి గుర్తుపట్టేదాన్ని. మొదటి ఏడుకు ఎర్ర దారం, రెండో ఏడుకు పచ్చ, మూడో ఏడుకు తెల్లది. తొమ్మిదేళ్ళు అట్లాగే నడిపాను.

ఒక మంగళవారం మేడం ఒక నోటీసు ఇచ్చింది. రెండో ఏడు పిల్లలు ప్రాక్టికల్ రికార్డులు వచ్చే సోమవారం ఇవ్వాల్సింది, దాన్ని ఆ వారం గురువారానికే ముందుకు జరిపారు. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. ఆ క్లాసులో సగం మందిని రవీందర్ సారు మొక్కలు ఏరడానికి గోదావరి ఒడ్డుకు తీసుకుపోయాడు. గదిలో ఉన్న సగానికి నోటీసు చదివారు. సారు సాయంత్రం తిరిగి వచ్చి గేటు దగ్గర స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే పుస్తకం పట్టుకుని పోయాను.

"ఏమున్నదవ్వా గిండ్ల? జల్ది చెప్పు, వాన అచ్చేటట్టున్నది."

చదవడం రాదని ఒక్క మాట చెబితే అయిపోయేది. నోరు రాలేదు. అంతకు ముందు రోజు నోటీసు ప్రార్థన గంట గురించి. ఇదీ అదే అయి ఉంటుందనుకున్నాను.

"ప్రార్థన గంట మార్చిన్రట సారూ."

"ఓస్, గంతేనా," అని పుస్తకాన్ని స్కూటర్ మీదే పెట్టి సంతకం చేసి పోయాడు.

అప్పుడు చేతుల్లో ఫోన్లు లేవు. హాస్టల్లో ఉండే పిల్లలు ఒకరి ద్వారా ఒకరు విని గురువారం రికార్డులు ఇచ్చేశారు. ఊరి నుంచి బస్సులో వచ్చిపోయే సునీత ఒక్కతే వినలేదు. సోమవారం పొద్దున రికార్డు పట్టుకుని వచ్చింది. మేడం తీసుకోలేదు. గడువు దాటితే రికార్డుకు సున్నా, సున్నా వస్తే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు, అంటే ఏడాది పోయినట్టే. తమకెవరూ చెప్పలేదని ఆ పిల్ల మొత్తుకుంది. మేడం నోటీసు పుస్తకం తెరిచి రవీందర్ సారు సంతకం చూపించింది. సారును పిలిచి అడిగితే "సంతకం నాదే" అన్నాడు, చదవకుండా పెట్టానని మాత్రం అనలేదు. నన్నడిగింది.

"పుస్తకం చూపిచ్చినవా లచ్చవ్వా?"

"చూపిచ్చిన మేడం."

అబద్ధం కాదు. అందుకే ఇంకా పాడు మాట అది.

"ఏమన్న చెప్పుకునేదుంటే ఏడు రోజులల్ల రాసియ్యాలె బిడ్డా. ఏడో రోజు నాలుగు గంటల లోపల. దాటితే నేను గూడ ఏం చెయ్యలేను," అంది మేడం ఆ పిల్లతో. సాక్ష్యం లేకుండా సునీత ఏం రాస్తుంది? వరండాలో నన్ను పట్టుకుని, "అవ్వా, నిజం చెప్పు, గా నోటీసు మాదాంక అచ్చిందా?" అని అడిగింది. "సారు సంతకమున్నది గదనే," అని నేను చీపురు తీసుకుని అవతలికి పోయాను.

ఆ వారం నేను కుదురుగా ఎక్కడా నిలబడలేదు. గంట రెండుసార్లు ముందే కొట్టాను. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే నేను సునీత వైపు చూసేదాన్ని. పరీక్షల గది గడప దాకా పోయి వెనక్కి వచ్చేదాన్ని. చెబితే నౌకరీ పోతుంది, చెప్పకపోతే ఆ పిల్ల ఏడాది పోతుంది. రెండూ తూచుకుంటూ తూచుకుంటూ రోజులు లెక్కపెట్టాను.

ఏడో రోజు మధ్యాహ్నం మేడం, నేను పేపర్ల కట్టలకు లక్క ముద్రలు వేస్తున్నాం. చీటీలు రాసి నా ముందు పెట్టి, కట్టలకు కట్టమంది. చూస్తే అన్ని కట్టలకూ తెల్ల దారమే ఉంది. ఏ కట్ట ఏ ఏడుదో నాకు తెలిసే దారి లేదు. తోచినట్టు కట్టాను. మేడం ఒక్కో చీటీ చదువుకుంటూ పోయింది, చివరికి లక్క కడ్డీ పక్కన పెట్టింది.

"నీకు సదువు రాదు గద లచ్చవ్వా?"

"రాదు మేడం."

"మరి గా దినం సారుకేం చెప్పినవు?"

చెప్పాను. ఆమె గడియారం వైపు చూసింది. మూడుంబావు. "లే, అయ్యగారిని, రవీందర్ సారును, గుమాస్తాను, సునీతను పిలుచుకరా. నువ్వు చెప్పింది నేను రాసుడు కుదరది, తీసుకునేదాన్ని నేనే గద. రాయరానోళ్ళు చెప్పి రాయియ్యొచ్చు, ఇద్దరు సాక్షుల ముంగట ఏలుముద్ర ఎయ్యాలె. పుస్తకంల అట్లనే ఉన్నది."

గుమాస్తా యాదగిరి నేను చెప్పింది రాశాడు. చదివి వినిపించి, "సంతకం మంచిగనే గీస్తవు గదవ్వా, ఏలెందుకు?" అన్నాడు. ఎగతాళికి కాదు, అమాయకంగానే అన్నాడు.  అందరూ చూస్తుండగా బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద పెట్టాను. రవీందర్ సారు తల దించుకుని, "చదువకుంట సంతకం పెట్టింది నేను. గది గూడ రాయి," అని యాదగిరికి చెప్పి సాక్షి సంతకం చేశాడు. రెండో సంతకం అయ్యగారిది. సునీత దాన్ని తన అర్జీకి జోడించి మేడం చేతికిచ్చింది. అప్పుడు మూడూ నలభై.

తప్పు కాలేజీదైతే విద్యార్థికి మార్కు తగ్గించకూడదని కూడా ఆ పుస్తకంలోనే ఉందట. సునీత రికార్డు తీసుకున్నారు, పిల్ల పరీక్ష రాసింది. నేను పెట్టె సర్దుకునే ఆలోచనలో ఉన్నాను. మేడం తన నివేదికలో తప్పు తనదని రాసింది. ఆ తర్వాతి జూన్‌లో పరీక్షల విభాగం ఆమె చేతిలోంచి తీసేశారు. నేను పోయి అడిగాను.

"తప్పు నాదైతే మీ పేరెందుకు రాసిన్రు?"

"నీకు సదువచ్చా అని నేను ఎన్నడన్న అడిగిన్నా?"

"అడుగలే."

"నోటీసు పుస్తకం నీ చేతుల వెట్టింది నేనే గద. పో, పలక తెచ్చుకో."

నలభై ఎనిమిదేళ్ళకు ఓనమాలు దిద్దాను. భోజనాల గంటలో, లాబు పక్క గదిలో. కూడబలుక్కుని చదవడం వచ్చాక ఆ పచ్చ అట్ట పుస్తకమే చదివించేది. శనివారం శనివారం నాకూ గ్రేడు వేసేది. ఆరు నెలలు సీ దాటనివ్వలేదు.

"గింత ముసల్దానికి జర పెద్దది ఎయ్యరాదా మేడం?"

"ముసల్దానివని ఎక్కువేస్తే నిన్ను తక్కువ చేసినట్టయితది. గుణింతం సరిగ రాయి, బీ ఏస్త."

బీ వేసింది. ఏ ఎన్నడూ వేయలేదు. రిటైరై నిర్మల్ పోయింది, అక్కడే కన్నుమూసింది. నాకు ఆలస్యంగా తెలిసింది. తెల్ల దారం కావాలనే తెచ్చిందా, రంగు దారం అయిపోయి తెచ్చిందా అని అడగాలనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను.

ఇప్పుడు బ్యాంకులోనో దవాఖానలోనో ఎవరైనా ఆడమనిషి చేతిలో కాగితం పెట్టుకుని దిక్కులు చూస్తుంటే నేను చదువొచ్చా అని అడగను. పక్కన కూర్చుని మెల్లగా పైనుంచి కింది దాకా చదువుతాను, నాకోసమే చదువుకుంటున్నట్టు. కానీ నాకు మనశ్శాంతి దీంతో రాలేదు. పరీక్షలు అయ్యాక సునీత గేటు దగ్గర ఆగి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు ఒక మాట అడిగింది: "ఏడు దినాలు నీకు నిద్రెట్ల పట్టిందవ్వా?" అప్పుడు జవాబు లేదు. ఇవాళ రాయడం వచ్చింది, ఇంత రాశాను, ఆ ఒక్క జవాబు మాత్రం రాయలేకపోతున్నాను. ఎవరెవరు ఉన్నారో మాత్రం తప్పు లేకుండా రాయగలను. ఆ సోమవారం ఆ గదిలో ఉన్నవాళ్ళు: దానియేలు అయ్యగారు, గుమాస్తా యాదగిరి, రవీందర్ సారు, రికార్డు ఒళ్ళో పెట్టుకుని సునీత, తలుపు దగ్గర ఎస్తేరు మేడం, బల్ల ముందర లచ్చవ్వ, అంటే నేను.